మూడువందల నలభై మీటర్లు

హేజల్‌థార్ప్‌లో బయల్దేరిన ఫుట్‌పాత్
చర్చి దాటి, చేపలూ చిప్సూ అమ్మే కొట్టు దాటి
ఆఖరి వీధిదీపం దాకా మర్యాదగానే వస్తుంది.
అక్కడ ఆగిపోతుంది,
మాట మధ్యలో ఫోను పెట్టేసినట్టు.

అక్కడి నుంచి పెట్రోలు బంకు దాకా
మూడువందల నలభై మీటర్లు.
కొలిచింది నేను కాదు. ఐవీ స్క్రింషా,
డెబ్బైమూడేళ్ళావిడ, బట్టలు కుట్టే టేపుతో,
రెండువందల ఇరవైయేడు సార్లు వంగి, లేచి,
బీటుదుంపల లారీలు పక్కనుంచి
టోపీ లాక్కుపోతుంటే.

ఆ కొలత కౌన్సిల్‌కి ఉత్తరమై వచ్చింది, నీలం సిరాలో.
కౌన్సిల్‌లో ఉత్తరాలకి జవాబు రాసేది నేను.

పదకొండుసార్లు రాశాను.
గట్టు మాది. తారు జాతీయ రహదారుల వాళ్ళది.
మధ్యలో డ్రైను ఎవరిదో విచారణలో ఉంది.
కంచెపొద రైతుది. అది రోడ్డు మీదికి వంగినంత మేర
మళ్ళీ మాది, నోటీసిచ్చిన ఇరవై ఎనిమిది రోజుల తర్వాత.
తెలుగులో అయితే ఇంత కాయితం ఖర్చయ్యేది కాదు:
ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది.
దానికి మా ఆఫీసులో ఫారం లేదు.

సైకిలు దారి ఉందా అంటే, ఉంది.
పటంలో ఆకుపచ్చ చుక్కలుగా ఉంది.
నేల మీద, తెల్లగీతకి ఇవతల,
జానెడు మీద రెండు వేళ్ళు.
రిమాంటస్ సైకిలు హ్యాండిలే దానికి రెండింతల పైన.
తెల్లారగట్ల నాలుగున్నరకి
క్యాబేజీలు ప్యాక్ చేసే షెడ్డుకి ఆ గీత మీదే వెళ్తాడు.
పోయిన నవంబరులో ఒక లారీ అద్దం
అతని భుజాన్ని పలకరించి పోయింది.
మెడ ఎముక, రెండు ముక్కలు.
మా పట్టికలో "తీవ్రం" గడిలో ఒక గీత పడింది.
"మరణం" గడి ఖాళీగా ఉంది.
ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం నిధులు కష్టం.
ఈ వాక్యం నేను రాసింది కాదు.
అచ్చు తీసి, మడిచి, కవర్లో పెట్టింది మాత్రం నేనే.

ఈ అక్టోబరులో ఐవీ తోటకత్తెర పట్టుకెళ్ళి
పొద తనే కత్తిరించింది, పన్నెండు మీటర్లు.
అనుమతి లేకుండా రహదారి పని.
నోటీసు తయారైంది, ఆరు రోజుల్లో.
ఆరు రోజుల్లో!
మా విభాగానికి అంత పరుగు వచ్చని
నాకు అప్పటిదాకా తెలీదు.

పోస్టులో వేయబుద్ధి కాలేదు.
బస్సు బంకు దగ్గర దించింది. వాన.
నడిచాను.

గడ్డిలో కాలిబాట ఉంది. అడుగు వెడల్పు.
ఎవరూ వేయలేదు, ఏ బడ్జెట్టులోనూ లేదు,
జనం అరికాళ్ళతో రాసి రాసి పెట్టిన అర్జీ.
చచ్చిన అడవికోడి, ఊడిన చక్రం మూత,
ఎవరి పిల్లదో పసుపు రబ్బరుబూటు, ఒకటే.
లారీ వస్తే ముందు నేల వణుకుతుంది,
తర్వాత గాలి తోస్తుంది,
ఆ తర్వాత అదే గాలి లోపలికి లాగుతుంది.
ఈ వరుస నా పదకొండు జవాబుల్లో ఎక్కడా లేదు.
సగం దారిలో పొదని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయాను,
రైతుదో మాదో అడక్కుండా.

తలుపు తీసి ఆవిడ నా మొహం చూడలేదు,
బూట్లు చూసింది.
"నడిచే వచ్చావా?"
పాత పేపరు పరిచింది. టీ పెట్టింది.
తడిసి ముద్దయిన నోటీసుని మెల్లగా విప్పి
రేడియేటర్ మీద, మేజోళ్ళ పక్కన ఆరేసింది.
ఆరాక చదువుతుందట.
"ఈలోగా చెప్పు, నువ్వొచ్చిన దారిలో
మీది ఏ ముక్క?"

కప్పులో పంచదార కలుపుతూ కూర్చున్నాను,
అది కరిగిపోయాక కూడా.